సిగ్నల్ దగ్గర ఆగిపోయే మియాటా, పొద్దున్నే టకటకలు: ఇంజన్ మార్చాలా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఉంటాం. నాలుగు నెలల కిందట 1991 మాడల్ మాజ్దా మియాటా కొన్నాను. 1.6 ఇంజన్, మాన్యువల్ గేర్లు, 1,42,000 మైళ్ళు తిరిగింది. అమ్మినాయన ఇచ్చిన కాగితాల్లో 5,000 మైళ్ళ కిందట టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగంలో టకటకమని మోత వస్తుంది, పది నిమిషాలకి తగ్గుతుంది. పావుగంట తిరిగాక సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కితే ఆర్‌పీఎం ముల్లు 500కి జారి ఇంజన్ ఆగిపోతోంది. తాళం తిప్పగానే మళ్ళీ స్టార్టవుతుంది. పోయిన వారం హైవే మీద 65లో వెళ్తుంటే టక్కున ఆగిపోయి, 20 నిమిషాల దాకా స్టార్ట్ కాలేదు. అప్పుడు కారు ఇంకా దొర్లుతూనే ఉంది, ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నాకి పడిపోయింది. ముందు భాగంలో కింద నుంచి సన్నగా గరగర కూడా వినిపిస్తోంది, లాగుడు తగ్గినట్టుంది. గ్యారేజీలో స్కానర్ పెట్టబోయారు, కుదర్లేదు. చప్పుడు విని "ఇంజన్ అయిపోయింది, వేరేది వేద్దాం, 4,000 డాలర్లు" అన్నారు. నిజమేనా?

సమాధానం: డబ్బు కట్టేయకండి. మీరు రాసినవి నాలుగు వేర్వేరు సంగతులు, గ్యారేజీలో నాలుగింటినీ కలిపి ఒక మూట కట్టారు. అందరినీ భయపెట్టే ఆ టకటక వీటిలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం. మీరు ఉత్తరం చివర్లో తేలిగ్గా రాసిన గరగరని అన్నిటికన్నా ముందు చూడాలి. బెల్టు మార్చిన బిల్లుకీ దానికీ చుట్టరికం ఉండొచ్చు.

స్కానర్ కుదరకపోవడంలో వింతేమీ లేదు. స్కానర్ తగిలించే ఓబీడీ-2 సాకెట్ అమెరికాలో 1996 మాడల్ నుంచి వచ్చింది. మీ కారుకి పాత పద్ధతి ఉంది, దాని గురించి కింద చెబుతాం.

ముందు గరగర. ఈ 1.6 ఇంజన్‌కి క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొస రెండు రకాలుగా వచ్చింది. 1990 మాడల్ నుంచి 1991 నడిమి దాకా పొట్టి కొస, ఆ తరవాత పొడుగు కొస. మీది 1991 కాబట్టి ఏదైనా కావచ్చు. ఇంజన్ ఆపి, ముందు నుంచి వంగి, కింది పుల్లీ మధ్యలో ఉన్న పెద్ద బోల్టు చుట్టూ టార్చి వేసి చూడండి. బోల్టు చుట్టూ ఉన్న చీలికలు నాలుగైతే పొట్టి కొస, ఎనిమిదైతే పొడుగు కొస.

పొట్టి కొసతో వచ్చే తంటా ఇది. టైమింగ్ బెల్టు తిప్పే పళ్ళచక్రం క్రాంక్ మీద ఒక చిన్న కీ ఆధారంగా కూర్చుంటుంది. నిజానికి బరువంతా మోయాల్సింది ఆ కీ కాదు, చక్రాన్ని బిగించి పట్టుకునే మధ్య బోల్టు. బెల్టు మార్చేటప్పుడు ఆ బోల్టు విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) వాడకుండా అందాజుగా లాగి వదిలేస్తే చక్రం రవ్వంత ఆడడం మొదలవుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే చోట రవ్వంత ఆట చాలు. కొన్నాళ్ళకి కీ నలిగి, క్రాంక్ మీది గాడి వెడల్పవుతుంది. బెల్టుతో తిరుగుతూ వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులు క్రాంక్ కన్నా వెనకబడతాయి. స్పార్క్ ఎప్పుడివ్వాలో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ కూడా క్యామ్‌షాఫ్టు చివరే ఉంటుంది కాబట్టి స్పార్కూ ఆలస్యమవుతుంది. లాగుడు తగ్గిందన్నారు కదా, అనుమానం అక్కడే.

పరీక్ష సులువు. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ) ఉండగా పుల్లీని పక్క నుంచి చూడండి. వేళ్ళు, చొక్కా చేతులు బెల్టులకి దూరంగా ఉంచండి. బయటి రింగు ఒక్కటే ఊగుతూ మధ్య భాగం నిలకడగా ఉంటే, లోపలి రబ్బరు పోయింది, పుల్లీ మారిస్తే సరిపోతుంది. మధ్య బోల్టుతో సహా మొత్తం ఊగుతుంటే గాడి పోయినట్టే, అప్పుడిక కారు నడపకండి. రెండూ లేకపోతే బెల్టుల వంతు. ఆల్టర్నేటర్ బెల్టు, ఏసీ బెల్టు తీసేసి ఇంజన్‌ని 30 సెకన్లు నడపండి, అంతకు మించి వద్దు, ఎందుకంటే వాటర్ పంపు తిరిగేది ఆల్టర్నేటర్ బెల్టుతోనే. గరగర మాయమైతే దోషం ఆల్టర్నేటర్ బేరింగుదో, వాటర్ పంపుదో, ఏసీ కంప్రెసర్ వైపుదో. ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ఊగకపోయినా లాగుడు సంగతి తేలకపోతే ఇంకొకటి చెయ్యండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, సన్నటి చెక్కపుల్ల లోపల పెట్టి, 21 నంబర్ సాకెట్‌తో క్రాంక్‌ని సవ్యదిశలో నెమ్మదిగా తిప్పండి. పిస్టన్ పూర్తిగా పైకొచ్చి పుల్ల నిలిచిన చోట పుల్లీ మీది గుర్తు సున్నా దగ్గర ఉండాలి. తేడా కనిపిస్తే కీ నలిగి ఉండొచ్చు. టైమింగ్ లైటు (స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే లైటు) ఒక్కదాన్నే నమ్మితే ఇక్కడ మోసపోతాం. పుల్లీ తానే జరిగి ఉంటే దాని మీది గుర్తు కూడా దాంతో పాటే జరిగి ఉంటుంది.

గాడి కొద్దిగానే నలిగితే క్రాంక్ మార్చకుండా బాగుచేయొచ్చు. కొత్త పళ్ళచక్రం, కొత్త కీ, కొత్త బోల్టు తేవాలి. క్రాంక్ కొసని నూనె జిడ్డు లేకుండా తుడిచి, గాడిలో లాక్‌టైట్ 660 (ఖాళీ నింపి గట్టిపడే జిగురు) నింపి, బోల్టు 80 నుంచి 87 ఫుట్-పౌండ్లకి బిగించి, ఒక రోజంతా ఆరనివ్వాలి. "గట్టిగా ఉంటే మంచిదే" అని పొడుగు కొసకి చెప్పిన 116-123 ఫుట్-పౌండ్లు పొట్టి కొస మీద వాడకండి. గాడి బాగా తినేసి ఉంటే మాత్రం గ్యారేజీ వాళ్ళు చెప్పిన ఇంజన్ మాట అప్పుడు ఆలోచించొచ్చు. ఒక ఊరట ఏమిటంటే, ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు.

ఇక సిగ్నల్ దగ్గర ఆగడం. ఈ కారులో గాలి లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఎయిర్ ఫిల్టర్ పెట్టె పక్కన ఎయిర్‌ఫ్లో మీటరు ఉంటుంది. అందులో స్ప్రింగు కట్టిన రేకు తలుపు. వచ్చే గాలిని బట్టి తలుపు తెరుచుకుంటుంది, అది ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటరు పెట్రోలు లెక్క కడుతుంది. పెట్రోలు పంపు నడవాలన్నా ఆ తలుపు కదలాలి. మీటరు దాటాక ఎక్కడైనా దొంగగాలి లోపలికి వెళ్తే లెక్కలోకి రాదు, పెట్రోలు చాలదు. మీరు క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదలగానే తలుపు టప్పున మూసుకుంటుంది, అప్పటికే లెక్క తప్పిన ఇంజన్ ఆ కుదుపుని తట్టుకోలేదు.

అందుకే మీటరు నుంచి ఇంజన్ ముందు మీదుగా త్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్‌ని బట్టి ఇంజన్‌కి గాలి వదిలే భాగానికి) వెళ్ళే లావుపాటి ముడతల గొట్టంతో మొదలుపెట్టండి. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, పగుళ్ళు అడుగువైపు ముడతల మధ్యలో ఉంటాయి. తీసి, ముడతలు సాగదీసి, వెలుతురుకి పెట్టి చూడండి. టేపు చుట్టడం పరీక్షకి చాలు, వాడకానికి కాదు. తరవాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తెరవండి. ఇంజన్ తడబడాలి, ఆగిపోయినా మంచిదే. మూత తెరిచినా ఏ తేడా లేకుండా నడిస్తే ఇంకెక్కడో ముందే గాలి దూరుతోందన్నమాట. డిప్‌స్టిక్ సరిగా కూర్చుందా, పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిదారిలోకి పంపేది) ఊపితే లోపలి గోలీ గలగలమంటోందా చూడండి.

గొట్టం బాగుంటే రెండో అనుమానం ఐడిల్ వాల్వు మీద. ఇది త్రాటిల్ బాడీ అడుగున ఉంటుంది, క్లచ్ నొక్కినప్పుడు, ఫ్యాను తిరిగినప్పుడు, హెడ్‌లైట్లు లేచినప్పుడు కాస్త గాలి అదనంగా ఇచ్చి ఆర్‌పీఎం పడిపోకుండా ఆపడం దీని పని. మసి పడితే చేతులెత్తేస్తుంది. త్రాటిల్ బాడీ విప్పి, వాల్వు తీసి, త్రాటిల్ బాడీ క్లీనరుతో కడగండి, మళ్ళీ బిగించేటప్పుడు రెండు చోట్లా కొత్త గాస్కెట్ వేయండి. ఇందులోంచి కూలెంట్ గొట్టాలు వెళ్తాయి కాబట్టి ఇంజన్ చల్లారాకే విప్పాలి. మీ చేతిలో క్లీనరు ఉంది కదా అని ఎయిర్‌ఫ్లో మీటరు లోపల మాత్రం కొట్టకండి.

మూడోది త్రాటిల్ పొజిషన్ స్విచ్. మాన్యువల్ 1.6లో అది నిజంగా స్విచ్చే: యాక్సిలరేటర్ వదిలామా, పూర్తిగా తొక్కామా, రెండే చెబుతుంది. వదిలిన సంగతి చెప్పకపోతే కంప్యూటరు ఐడిల్‌ని సర్దదు. త్రాటిల్ ఆపే స్క్రూకీ లీవరుకీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి మల్టీమీటరుతో చూడండి. 0.4 మిల్లీమీటర్ల రేకుతో ఐడిల్ పిన్నుకి కంటిన్యుటీ ఉండాలి, 0.7తో పోవాలి. లేదంటే రెండు స్క్రూలు వదులు చేసి స్విచ్‌ని కొంచెం తిప్పి సర్దండి.

ఇవన్నీ అయ్యాకే ఐడిల్ సెట్టింగు. చాలామంది దీంతోనే మొదలుపెడతారు, అందుకే ఏడాదికోసారి అదే సెట్టింగు మళ్ళీ చేసుకుంటుంటారు. బానెట్ కింద మూత మీద డయాగ్నోసిస్ అని రాసి ఉన్న చిన్న నల్ల పెట్టె ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక లైట్లు, ఏసీ, బ్లోయరు అన్నీ ఆపి, రేడియేటరు ఫ్యాను ఆగేదాకా చూసి, ఆ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అనే పిన్నులని చిన్న వైరుతో కలపండి. టైమింగ్ లైటులో స్పార్క్ టైమింగ్ 10 డిగ్రీలు రావాలి. క్యామ్ యాంగిల్ సెన్సర్ 12 నంబర్ బోల్టు వదులు చేసి తిప్పితే మారుతుంది. పాత యజమానులు కొందరు లాగుడు కోసం 14కి పెడుతుంటారు, అలా ఉంటే కంగారు పడకండి గానీ ఇంజన్ కొట్టుకుంటే (నాకింగ్ వస్తే) 10కి తెచ్చేయండి. తరవాత త్రాటిల్ బాడీ మీద రబ్బరు బిరడా కింద ఉన్న స్క్రూతో ఐడిల్ 850 ఆర్‌పీఎంకి పెట్టండి, 50 అటూఇటూ ఫరవాలేదు. వైరు తీసేయడం మరిచిపోవద్దు.

స్కానర్ చేయలేని పని చేసేదీ ఆ పెట్టే. టీఈఎన్, జీఎన్‌డీ కలిపి ఉంచి, 12 వోల్టుల చిన్న ఎల్‌ఈడీని +బీ, ఎఫ్‌ఈఎన్ పిన్నుల మధ్య పెట్టి తాళం ఆన్ చేయండి. పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. 02 వస్తే క్యామ్ యాంగిల్ సెన్సర్ సిగ్నల్, 08 ఎయిర్‌ఫ్లో మీటరు, 09 కూలెంట్ సెన్సర్, 15 ఆక్సిజన్ సెన్సర్, 34 ఐడిల్ వాల్వు. 09 వస్తే ఇంజన్ వెనక ఉన్న రెండు వైర్ల కూలెంట్ సెన్సర్‌ని కొలవండి: 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 0.3 కిలో ఓమ్‌లకి కాస్త అటూఇటూ. ఒక వైరున్నది డాష్ మీది ముల్లుకి, దాన్ని కదపకండి. పాత కోడ్లు చెరపాలంటే బ్యాటరీ నెగటివ్ తీసి 20 సెకన్లు బ్రేకు తొక్కి పట్టుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ముందు వెతక్కండి.

హైవే మీద ఆగడానికి పైన చెప్పిన వాటితో సంబంధం లేదు. మీరు గమనించి రాసిన ఒక్క వివరం ఇక్కడ చాలా పని చేస్తుంది. పెట్రోలు అందక ఆగితే, గేరులో ఉన్న కారు చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి ఆర్‌పీఎం ముల్లు వేగంతో పాటు నెమ్మదిగా దిగుతుంది. మీ క్లచ్ అప్పటికి నొక్కి లేకపోతే, ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిందంటే తెగింది ఇగ్నిషన్ వైపు కరెంటు. దారిలో టక్కున ఆగడం, చల్లారాక 20 నిమిషాలకి మళ్ళీ నడవడం చూస్తే ఈ కార్లలో మొదటి ముద్దాయి మెయిన్ రిలే, అంటే కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్. బానెట్ కింద ఫ్యూజుల పెట్టె దగ్గర ఉంటుంది. వేడికి లోపలి అతుకు విడిపోతుంది, చల్లారితే మళ్ళీ కలుస్తుంది. ఇంట్లో నిలబెట్టి ఇంజన్ ఐడిల్‌లో నడుస్తుండగా రిలే మీద హెయిర్ డ్రయర్ పట్టండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే. దొరక్కపోయినా కొత్తది వేసేయండి, అంత వయసున్న రిలేని నమ్మి హైవే ఎక్కడం దండగ.

రిలే మార్చాకా ఆగితే, ఆగిన చోటే రెండు పరీక్షలు. డయాగ్నోసిస్ పెట్టెలో ఎఫ్/పీ, జీఎన్‌డీ కలిపి తాళం ఆన్ చేసి, పెట్రోలు పోసే చోట చెవి పెట్టండి. పంపు గుయ్యిమనాలి. తరవాత ఆ వైరు తీసి స్టార్టరు తిప్పుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. కొంచెం కదిలితే క్యామ్ యాంగిల్ సెన్సర్ పనిచేస్తోంది, కాయిళ్ళ దగ్గర కనెక్టర్లు చూడండి. అసలు కదలకపోతే సెన్సరో, ఇగ్నైటరో (కాయిళ్ళని నడిపే పెట్టె). సెన్సర్ దగ్గర ఓ-రింగు కారి ఇంజన్ వెనక నూనె దిగుతుంటే దాన్నీ మార్చండి, పైసా ఖర్చే. ఆ నూనె పక్కనున్న హీటరు గొట్టాల రబ్బరుని పాడుచేస్తుంది. ప్లగ్గు వైర్లు ఎప్పుడు మార్చారో తెలియకపోతే అవీ మార్చేయండి, ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్‌5ఈ-11, గ్యాపు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు.

ఇంక టకటక. మన ఊళ్ళో మెకానిక్‌కి వినిపిస్తే "ట్యాపెట్లు సెట్ చేద్దాం సార్" అంటాడు. ఈ ఇంజన్‌లో సెట్ చేయడానికేం ఉండదు. 16 వాల్వులకి 16 హైడ్రాలిక్ లిఫ్టర్లు, ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే ఖాళీ పూడ్చుకుంటాయి. రాత్రంతా నిలబెడితే కొన్నిటిలోంచి ఆయిల్ జారిపోతుంది, పొద్దున మళ్ళీ నిండేదాకా టకటకమంటాయి. ఈ ఇంజన్లలో ఇది అలవాటు. ఆయిల్ డిప్‌స్టిక్ మీద ఎఫ్ గుర్తుకి ఆనుకుని ఉందా చూడండి, అరలీటరు తక్కువున్నా మోత పెరుగుతుంది. ఆయిల్ మార్చండి, ఫిల్టరుతో సహా సుమారు 3.6 లీటర్లు పడుతుంది, 10డబ్ల్యూ-30 గానీ మంచి సింథటిక్ 5డబ్ల్యూ-40 గానీ. వెనక్కి జారనివ్వని వాల్వు ఉన్న ఫిల్టరే వేయండి. ఇంజన్ వేడెక్కాక ఓ 20 నిమిషాలు 4,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పుకు రండి, అయితే పుల్లీ సంగతి తేలాకే. రెండు ఆయిల్ మార్పులకీ తగ్గకపోతే, ఇంకోసారి బెల్టు విప్పే పని పడ్డప్పుడు క్యామ్‌షాఫ్టులు తీసి లిఫ్టర్లు కడిగించండి. ఎక్కడ తీసింది అక్కడే పెట్టాలి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయేదాన్ని మార్చాలి.

దీనికీ భయపడాల్సిన మోతకీ తేడా చెవికి తెలుస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొస వాల్వు కవరు మీద పెట్టండి. లిఫ్టరైతే పైన గట్టిగా, కింద నీరసంగా వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని, వేడెక్కాక పోయి, ఎగ్జాస్టు మానిఫోల్డు దగ్గర మసి చార కనిపిస్తే అది గాస్కెట్ లీకు. బేరింగు దెబ్బ వేరే రకం: కింద నుంచి దబ్‌దబ్‌మని బరువుగా, వేడెక్కేకొద్దీ పెరుగుతూ, 2,000 నుంచి 3,000 మధ్య యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వినిపిస్తుంది. మీ మోత వేడెక్కాక తగ్గుతోంది కాబట్టి అది కాదు. పైగా 1991 కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజమైనదే, 1995 నుంచి వచ్చినవాటిలా ఉత్త అలంకారం కాదు. వేడి ఇంజన్‌లో 3,000 దగ్గర అది 40 పీఎస్‌ఐ పైన నిలబడుతుంటే కింది బేరింగుల గురించి నిశ్చింతగా ఉండొచ్చు.

ఇంజన్ మార్చాలన్నవాళ్ళని కంప్రెషన్ టెస్ట్ చేశారా అని అడగండి. వేడి ఇంజన్, నాలుగు ప్లగ్గులూ తీసి, క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టరు పీకి, అంటే స్పార్కు, పెట్రోలు రెండూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి చేయాలి. ఈ ఇంజన్‌కి మాజ్దా చెప్పిన అంకె 192 పీఎస్‌ఐ, కనీసం 135, సిలిండర్ల మధ్య తేడా 28కి మించకూడదు. ఆ నాలుగు అంకెలూ, పుల్లీ దగ్గర చీలికలు నాలుగా ఎనిమిదా అన్నదీ రాసి పంపండి. గాడి పోయినట్టు తేలితే ఫోటో కూడా పెట్టండి, లాక్‌టైట్‌తో సరిపోతుందో లేదో చూసి చెబుతాం. అప్పటిదాకా హైవే ఎక్కకండి, 4,000 ఆర్‌పీఎం దాటించకండి.